ఇద్దరు పిల్లలు, 25 ఈత క్లాసులు: బెజవాడలో ఒక వేసవి బ్యాచ్ గురించి

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. బాబుకి 15 ఏళ్లు, పదో తరగతిలోకి వచ్చాడు. పాపకి 13, ఎనిమిది పూర్తయింది. ఏప్రిల్ 24న సెలవులు ఇచ్చారు, మళ్లీ బడి జూన్ 12న. సత్యనారాయణపురంలో మాకు మందుల షాపు ఉంది. నేనూ మావారూ వంతులు వేసుకుని పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదిన్నర దాకా అందులోనే ఉంటాం. ఇంట్లో పిల్లలతో అత్తయ్యగారు ఉంటారు.

పోయిన వేసవి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కర్టెన్లు వేసుకుని, ఏసీ పెట్టుకుని, తలో ఫోనూ పట్టుకుని తలో మూలా పడుకునేవారు. పడుకునేది రాత్రి రెండింటికి, లేచేది పదకొండింటికి. అన్నానికి పిలిస్తే విసుగు. బడి తెరిచాక మొదటి వారం బాబు మెట్లెక్కి వచ్చి ఆయాసపడటం చూశాను. పదిహేనేళ్లు కూడా నిండని పిల్లవాడు రెండంతస్తులకే ఆయాసపడ్డాడు. ఐదు నుంచి పదిహేడేళ్ల మధ్య పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్లు అలిసే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా వాళ్లకి వారం మొత్తం కలిపినా అంత ఉండేది కాదు.

అందుకే ఈసారి మార్చి నుంచే వెతకడం మొదలుపెట్టాను. చాలా కరపత్రాలు వచ్చాయి. కోడింగ్, అబాకస్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్, పన్నెండు రకాలు కలిపి ఒకటే ప్యాకేజీ. దాదాపు అన్నీ మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టేవే. ఈతే ఎందుకు ఎంచుకున్నానంటే, మా ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పోతాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. పక్కనే కృష్ణ. సెలవుల్లో స్నేహితులతో స్నానానికి దిగి తిరిగిరాని పిల్లల వార్త ప్రతి వేసవిలో చదువుతూనే ఉంటాం. 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది నీటమునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. మా నాన్నగారు చిన్నప్పుడు ఏలూరు కాలువలోనే, నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చుకున్నారు. మా అన్నయ్యకి ఆయనే నేర్పారు. నన్ను మాత్రం కాలువగట్టు మీద చెప్పులకి కాపలా కూర్చోబెట్టారు. నాకు ఇప్పటికీ ఈత రాదు. నా కూతురు అలా గట్టు మీద ఉండిపోకూడదని నా కోరిక.

మేము చేర్చింది నగరంలోని ఒక ప్రైవేటు ఈతకొలనులో. పేరు రాయడం లేదు. బాగున్నవీ బాగోలేనివీ మొహమాటం లేకుండా చెప్పాలంటే అదే మంచిదనిపించింది. ఏప్రిల్ చివరి వారం నుంచి మే ఆఖరు దాకా, వారానికి ఐదు రోజులు, 25 క్లాసులు. మనిషికి 3,800 రూపాయలు, రెండో పిల్లకి 500 తగ్గించారు. టోపీ, కళ్లజోడు అక్కడి కౌంటర్లోనే కొనాలన్నట్టు మాట్లాడారు. కొనక్కర్లేదు. గవర్నరుపేటలో స్పోర్ట్స్ షాపుకి వెళ్లి కొంటే ఇద్దరికీ కలిపి 500 మిగిలింది. కళ్లజోడు మాత్రం పిల్లల్ని తీసుకెళ్లి ముఖానికి పెట్టి చూసే కొనండి. రబ్బరు పట్టీ తలకి తగిలించకుండా, అద్దాలు కళ్లకి ఆనించి కొంచెం నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లు అతుక్కుని ఉండాలి. వెంటనే ఊడిపోతే లోపలికి నీళ్లు వస్తాయి. కాటన్ బట్టలు ఒప్పుకోరు. అవి నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, వాటి పోగులు ఫిల్టర్‌లో చేరతాయి.

చేర్చడానికి ముందు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పక్కింటి వదినగారు, "పదో తరగతి కదండీ, ఇప్పుడు ఈతకి పంపుతారా? మా వాడికి అప్పుడే లెక్కలు రెండు చాప్టర్లు అయిపోయాయి" అన్నారు. ఆవిడ మంచికే అన్నారు. ఆ రాత్రి నాకూ టెన్షన్ వచ్చి నిద్ర పట్టలేదు. మావారు ఒక్కటే అడిగారు, "వాడు పొద్దున ఆరింటికి మేలుకుని ఉంటే చదువుకి ఏం తగ్గుతుంది?" అని. ఆ మాట మీదే డబ్బు కట్టాను. బాబుది పొద్దున ఆరు నుంచి ఏడు బ్యాచ్. ఏడూముప్పావుకి సైకిల్ మీద ఇంటికొచ్చేవాడు, తొమ్మిదింటికి ట్యూషన్. ఒక్కరోజు కూడా ట్యూషన్ పోలేదు.

ఇక అసలు విషయం, నేర్పే పద్ధతి. ఇందులో వాళ్లకి పూర్తి మార్కులు వేస్తాను.

మొదటి రోజు ఈతే లేదు. మూడున్నర అడుగుల లోతులో గోడ పట్టుకుని నోటితో గాలి పీల్చడం, ముఖం నీళ్లలో పెట్టి ముక్కుతో, నోటితో బుడగలు వదలడం. రెండో రోజూ అదే. మూడో రోజు చేతులు చాపి నీళ్ల మీద బోర్లా తేలడం, తర్వాత గోడని కాళ్లతో తన్ని కదలకుండా జారుకుంటూ పోవడం. ఆ తర్వాతే బోర్డు పట్టుకుని కాళ్లు కొట్టడం. చేతులు వేయడం రెండో వారంలో, పక్కకి తిరిగి ఊపిరి తీసుకోవడం పదో క్లాసులో. అంత నెమ్మదిగా ఎందుకని అడిగితే మాస్టారు చెప్పారు, "చేతులు కాళ్లు ఎవరైనా కొడతారమ్మా. ఊపిరి వదలడం రానివాడు పది గజాలకే అలిసిపోతాడు." నీళ్లలో ఊపిరి బిగబట్టి, తల పైకెత్తినప్పుడు వదలడం, పీల్చడం రెండూ ఒకేసారి చేయబోతే పిల్లలు ఉక్కిరిబిక్కిరవుతారట. గట్టు మీద కూర్చుని చూస్తుంటే నాకే తెలిసిపోయేది, బుడగలు రాని పిల్లవాడు పావు దూరంలోనే లేచి నిలబడేవాడు.

కానీ ఈ నెమ్మది మా బాబుకి నచ్చలేదు. వాడు ఐదడుగుల ఏడంగుళాలు. చుట్టూ ఏడేళ్ల పిల్లలు, వాళ్ల మధ్య నిలబడి బుడగలు ఊదాలి. నాలుగో రోజు ఇంటికొచ్చి తువ్వాలు విసిరికొట్టి, "అమ్మా, రేపటి నుంచి నేను వెళ్లను. అందరూ నన్నే చూస్తున్నారు" అన్నాడు. నేను బతిమాలలేదు, కోప్పడలేదు. షాపు నుంచి మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన, "నాదే పొరపాటమ్మా, రేపు ఒక్కరోజు పంపండి. పావుగంట ముందు పంపండి" అన్నారు.

మర్నాడు ఏం జరిగిందో బాబు చెబితేనే తెలిసింది. ఆ బ్యాచ్‌లో వాడి వయసు వాళ్లు ఇంకో ముగ్గురున్నారు. ఆ నలుగురినీ చివరి లేన్‌లో విడిగా పెట్టారు. ఐదూముప్పావుకే మొదలుపెట్టి, చిన్నపిల్లలు రాకముందే వాళ్ల బుడగల పాఠం అయిపోయేట్టు చేశారు. తర్వాత బాబు చేతికి స్టాప్‌వాచీ, ఒక అట్ట, పెన్సిలూ ఇచ్చి, చిన్నపిల్లలు బోర్డు పట్టుకుని ఆ చివరికి ఎంతసేపట్లో చేరుతున్నారో పది నిమిషాలు రాయమన్నారు. అంతే. ఆ రోజు ఇంటికొచ్చి ఇడ్లీ తింటూ ఎవరో చిట్టి పాప 52 సెకన్ల నుంచి 47కి వచ్చిందని చెబుతూనే ఉన్నాడు. తను ఎంత నేర్చుకున్నాడో ఒక్క మాట చెప్పలేదు. ఆ పాప గురించే చెప్పాడు. ఆ తర్వాత వాణ్ని నేను ఒక్కరోజు కూడా నిద్ర లేపలేదు. ఆ అట్టలో తను రాయకపోతే పిల్లల టైములు పోతాయని వాడే అలారం పెట్టుకున్నాడు.

మాస్టారిలో నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. తప్పు చెప్పాల్సివస్తే ఆయన గట్టు మీదినుంచి అరవరు. నీళ్ల అంచున గొంతుక్కూర్చుని, ఆ పిల్లవాడికి మాత్రమే వినబడేలా చెబుతారు. పదిహేనేళ్ల వయసు పిల్లలకి ఆ ఒక్క మర్యాద ఎంత అవసరమో ఇంట్లో నాకే చాలాసార్లు గుర్తుండదు.

పాప సంగతి వేరు. దానికి సిగ్గు కాదు, భయం. ముఖానికి నీళ్లు తగిలితే వణికిపోయేది. అమ్మాయిల బ్యాచ్‌కి ఒక మేడమ్ ఉన్నారు. ఆవిడ తొందరపెట్టలేదు. ఇంట్లో చేయమని ఒక పని చెప్పారు. బేసిన్ నిండా నీళ్లు పోసుకుని, ముఖం పెట్టి, నోరు మూసి 'మ్‌మ్' అని ముక్కుతో గాలి వదలాలి. రోజుకి పదిసార్లు. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని లెక్కపెట్టేవారు. ఆరో రోజు పాప మొదటిసారి కొలనులో తల పూర్తిగా ముంచింది. నేను ఆ రోజు షాపు మావారికి అప్పజెప్పి వెళ్లాను కాబట్టి చూడగలిగాను. తల పైకెత్తి గట్టు మీద నాకోసం వెతికిన ఆ ముఖం నాకు చాలాకాలం గుర్తుంటుంది.

అయితే అమ్మాయిల బ్యాచ్‌కి ఇచ్చిన సమయం మాత్రం ఘోరం. సాయంత్రం నాలుగు నుంచి ఐదు. మే నెల బెజవాడలో నాలుగింటికి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. పైన నీడకి వేసిన షీటు సగం కొలను దాకానే ఉంది. చెప్పులు విడిచిన చోటు నుంచి నీళ్ల దాకా నడిస్తే అరికాళ్లు చుర్రుమనేవి. చల్లటి వేళలన్నీ మగపిల్లలకీ, జనరల్ బ్యాచ్‌లకీ ఇచ్చి, మిగిలిపోయిన గంట ఆడపిల్లలకి ఇచ్చారు. కౌంటర్లో అడిగితే, "డిమాండ్‌ని బట్టి పెట్టామండీ" అన్నారు. నాలుగింటికి పెడితే డిమాండ్ ఎలా వస్తుంది? పదకొండు మంది అమ్మాయిలు చేరారు, చివరికి ఏడుగురు మిగిలారు. మానేసిన వాళ్ల తల్లుల్లో ఇద్దరితో మాట్లాడాను, ఇద్దరూ ఎండే కారణమన్నారు.

రెండో గొడవ నెలసరి రోజుల గురించి. 'మిస్ అయిన క్లాసు మిస్ అయినట్టే' అని రసీదు వెనక రాసి ఉంది. ఈ వయసు అమ్మాయికి ఐదు వారాల్లో నాలుగైదు క్లాసులు పోవడం మామూలే. అది నిర్లక్ష్యం కాదు కదా. నేను మేడమ్‌తో సూటిగా మాట్లాడాను. ఆవిడ యజమానికి చెప్పి, అమ్మాయిలందరికీ శనివారం క్లాసులు పెట్టించారు. అడగగానే చేసినందుకు సంతోషమే. కానీ పదమూడేళ్ల పిల్లో, మొహమాటపడే తల్లో కౌంటర్ దగ్గర ఈ మాట అడగగలరా? మొదటి రోజే రూలుగా చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు నీళ్ల గురించి. నేను ఫార్మసీ చదివినదాన్ని కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువే చూశాను. కొలను దగ్గర ముక్కు మండే వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అందరం అనుకుంటాం. నిజానికి ఆ ఘాటు క్లోరమైన్లది. చెమట, మూత్రం లాంటివి క్లోరిన్‌తో కలిసినప్పుడు అవి పుడతాయి. కళ్లు ఎర్రబడేది కూడా ఎక్కువగా వాటివల్లే. అంటే వాసన ఘాటుగా ఉంటే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని కాదు, క్రిముల్ని చంపాల్సిన క్లోరిన్ వీటితోనే ఖర్చైపోతోందని అర్థం. అందుకే దిగేముందు సబ్బుతో స్నానం చేయాలి. అక్కడ షవర్లు ఉన్నాయి, 'తప్పనిసరి' అని బోర్డూ ఉంది, చూసేవాళ్లు మాత్రం లేరు. పిల్లలు తల మీద రెండు చుక్కలు చల్లుకుని దూకేవాళ్లు.

రెండో వారంలో పాప కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చింది. మర్నాడు వెళ్లి టెస్టు రిజిస్టర్ చూపించమన్నాను. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ లీటరుకి 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. రోజూ పరీక్ష చేసి రాయాలి. రిజిస్టర్లో నాలుగు రోజులు ఖాళీ. ఆ సాయంత్రం నీళ్లు కొంచెం మసకగా ఉండి, లోతువైపు అడుగున నల్ల గీత కనబడలేదు. పిల్లని దింపకుండా వెనక్కి తీసుకొచ్చేశాను. మీరు ఏ కొలనుకి వెళ్లినా ఈ ఒక్కటి చూడండి: లోతైన చోట అడుగు స్పష్టంగా కనబడకపోతే దించకండి. రోగాల సంగతి అటుంచి, మునిగిన పిల్లవాడు కనబడడు.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె కూడా తెరిపించాను. అందులో ఆయింట్‌మెంట్ గడువు తేదీ దాటి ఏడు నెలలైంది. రెండు రోజుల్లో కొత్తది పెట్టారు, రిజిస్టర్ కూడా అప్పటినుంచి నింపుతున్నారు. అయితే అది ఎవరో అడిగితే జరగాల్సిన పని కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది లైఫ్‌గార్డు సంగతి. కోచ్‌లు నేర్పే పనిలో ఉంటారు, మొత్తం కొలను మీద కన్నేసి ఉండే మనిషి వేరే ఉండాలి. పొద్దున బ్యాచ్‌లో ఉండే ఆయన నిలబడే ఉంటారు, కళ్లు నీళ్ల మీదే ఉంటాయి. సాయంత్రం వచ్చే కుర్రవాడు రెండుసార్లు ఫోన్ చూసుకుంటూ నాకు కనబడ్డాడు. నీళ్లలో మునిగేవాళ్లు సినిమాల్లోలా చేతులూపి కేకలు వేయరు. నోరు నీటి మట్టానికి వచ్చి పోతూ ఉంటుంది, అరవడానికి ఊపిరే ఉండదు. ఒక నిమిషంలోపే అంతా అయిపోవచ్చు. యజమానికి కాగితం మీద రాసి, తేదీ వేసి ఇచ్చాను. మర్నాటి నుంచి ఆ కుర్రవాడి ఫోన్ కౌంటర్లో పెట్టించారు. ఆ తర్వాత మళ్లీ చూడలేదు. అయినా చివరి రోజు దాకా పాప బ్యాచ్ జరిగేటప్పుడు నేనో, మావారో గట్టు మీద కూర్చునే ఉన్నాం.

మంచి సంగతి ఒకటి. మే నెలలో ఒక సాయంత్రం దూరంగా ఉరుము వినబడగానే మేడమ్ విజిల్ వేసి అందరినీ బయటికి తీసి గదిలో కూర్చోబెట్టారు. వాన ఇంకా పడలేదు, పిల్లలు గోల పెట్టారు, ఆవిడ కదలనివ్వలేదు. ఊపిరి బిగబట్టే పందేలు కూడా అక్కడ నిషేధం. నీళ్లలోపల ఎవరు ఎక్కువసేపు ఉంటారో అని మగపిల్లలకి మహా సరదా. దానివల్ల హెచ్చరిక లేకుండా స్పృహ తప్పొచ్చు. మా వాడి బ్యాచ్‌లో ఒకడు ఆ పందెం కట్టినందుకు ఆ రోజుకి బయట కూర్చున్నాడు.

నాలుగో వారంలో ఒక క్లాసు మొత్తం ఈత లేకుండా జరిగింది. ఎవరైనా మునుగుతుంటే ఏం చేయాలి అన్న పాఠం. దూకకూడదు, ఈత వచ్చినా దూకకూడదు, మునిగేవాడు పట్టుకుంటే ఇద్దరూ పోతారు. గట్టు మీద బోర్లా పడుకుని కర్రో, తువ్వాలో, చీరో అందించాలి. అందకపోతే మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ విసరాలి. కేకలు వేసి పెద్దవాళ్లని పిలవాలి, 112కో 108కో ఫోన్ చేయాలి. పిల్లలందరితో జతలుగా చేయించారు. చివర్లో మాస్టారు అన్నారట, "ఈ కొలనులో నాలుగు రౌండ్లు కొట్టినవాడికి ఈత వచ్చిందని నేను ఒప్పుకుంటాను. కృష్ణ ఒప్పుకోదు. ఇక్కడ ప్రవాహం లేదు, ఊబి లేదు, నాచు లేదు." మా బాబు ఆ మాట వాళ్ల తాతయ్యకి ఫోన్ చేసి చెప్పాడు. ఇద్దరూ అరగంట కాలువల గురించి మాట్లాడుకున్నారు. వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ "బాగున్నావా", "బాగున్నాను తాతయ్యా" తప్ప మాట ఉండేది కాదు.

ఇంట్లో మార్పు గురించి అడిగేవాళ్లకి: ఫోన్లు లాక్కోలేదు. రాత్రి పదింటికే కళ్లు మూతలు పడేవి, అంతే. ఆదివారాలు మళ్లీ పాత పద్ధతే, అది మారలేదు. ఆకలి మాత్రం మారింది. వెళ్లేముందు ఒక అరటిపండు, వచ్చాక ఇడ్లీయో, ఉల్లిపాయ నంజుకుని పెరుగన్నమో. పదకొండింటికి రాగి జావ, సాయంత్రం మజ్జిగ. తాటి ముంజలు తెస్తే పది నిమిషాల్లో ఖాళీ. చెవుల్లో నీళ్లుంటే తల పక్కకి వంచి తువ్వాలుతో పైపైన తుడవండి, బడ్స్ పెట్టకండి. చెవినొప్పి అంటూ మా షాపుకి వచ్చి చుక్కల మందు అడిగే తల్లులు వేసవిలో ఎక్కువ. చెవి డాక్టరు చూడకుండా నేను ఇవ్వను.

25 క్లాసులయ్యాక బాబు 25 మీటర్ల కొలనులో ఆగకుండా నాలుగు సార్లు దాటుతున్నాడు, లోతులో ఐదు నిమిషాలు నిలువునా తేలి ఉండగలడు. పాప ఒక్కసారి దాటుతుంది, మధ్యలో ఒకచోట వెల్లకిలా తిరిగి ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ఆ వెల్లకిలా తిరగడం తనకే తోచింది, మేడమ్ దాన్ని మెచ్చుకున్నారు. నాకు ఆ ఒక్కసారి దాటడమే ఎక్కువ.

నేర్పడానికి 5కి 5, నిర్వహణకి 5కి 2. కలిపి 3.5 ఇస్తున్నాను. పదిహేనేళ్ల అబ్బాయి ఉంటే పొద్దున బ్యాచ్‌లో నిశ్చింతగా చేర్చండి, ఈ మాస్టారు ఉన్నారో లేదో మాత్రం ముందు అడగండి. అమ్మాయికైతే సమయం గురించి మాట్లాడకుండా డబ్బు కట్టకండి. చివరి రోజు మేము ఏడుగురు తల్లులం కలిసి, వచ్చే ఏడాది అమ్మాయిల బ్యాచ్ పొద్దున ఆరింటికో, సాయంత్రం ఆరింటికో మార్చమని సంతకాలు పెట్టి ఇచ్చాం. చూస్తామన్నారు. మార్చి నెలలో వెళ్లి అడుగుతాను. మార్చకపోతే పాపని వేరే కొలనులో చేరుస్తాను, మేడమ్ ఎక్కడ నేర్పుతుంటే అక్కడ.